పాటలో పాలెవరిది?

గాయకుడు నోరు తెరవక పూర్వమే పోల్చుకొనదగిన పాటలు కొన్ని గలవు. మాకు పాశ్చాత్య సంగీతమునందు ప్రవేశము లేదు. త్యాగరాజస్వామి కృతులును, మా యింటి యాడువారు పాడిన మంగళహారతులును విని పెరిగిన చెవులు మావి. అట్టి చెవులకు సయితము పరిచితమైన యాంగ్లగీత మొకటి యున్నది. మేము విద్యార్థులమై వసతిగృహమున నున్న దినములలో తోడివాడొకడు రాత్రులందు దానిని వినుచుండెడివాడు. దాని మాటలు మాకు నేటికిని పూర్తిగా బోధపడలేదు. కాని మొదట వచ్చు ఆర్గను వాయింపు చెవినిబడగనే, గంట విన్నవానికి గుడి తలపునకు వచ్చినట్లు, పాట యంతయు మనసునకు వచ్చును.

గత వేసవిలో మా చెల్లెలి కుమార్తె మా యింటికి వచ్చి, యొక సాయంకాలము వరండాలో గూర్చుండి తన ఫోనులో నేదో పాట పెట్టినది. మేము లోపలి గదిలోనుండియే దాని పేరు చెప్పితిమి. ఆ పిల్ల నవ్వి, "మామయ్యా, పాట యింకా మొదలే కాలేదు. అప్పుడే ఎట్లా గుర్తుపట్టారు?" అన్నది. మొదటి వాయింపునుబట్టి యంటిమి. "ఆ వాయింపు కట్టినవాడి పేరు ముప్పై తొమ్మిదేళ్ళు ఆ పాట రచయితల్లో లేదు. మీకు తెలుసా?" అన్నది.

మాకు తెలియదు. ఆమె న్యాయశాస్త్రము చదువుచున్నది. ఆ పాటపై నడచిన వ్యాజ్యము వారికి పాఠమట. ఆ రాత్రి యామె చెప్పినదియు, పిమ్మట మేము తీర్పులు చదివి తెలిసికొన్నదియు చదువరుల ముందుంచ దలచితిమి. ఆ కథ లండను నగరములోనిదే గాని, దానిలోని దోషము మా యింటిలో గూడ జరిగియున్నది. అందుచేత ఇది వ్రాయక తప్పినది గాదు.

పాట పేరు "ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్". పాడినది ప్రోకల్ హారమ్ అను ఇంగ్లీషు మేళము. రాక్ సంగీతమనగానే మన పెద్దలకు గిటారుల రొదయు డ్రమ్ముల మోతయు స్ఫురించును. ఈ పాట యట్టిది గాదు. ఇది మెల్లగా నడచును. చర్చిలో ప్రార్థనవేళ వినవచ్చు గాంభీర్యము దీనిలో గలదు.

కీత్ రీడ్ అను యువకుడు దీని మాటలు వ్రాసినవాడు. అతడు ఏ వాద్యమును వాయింపడు. అయినను మేళమునందు సభ్యుడుగా లెక్కింపబడినవాడు. ఒక విందులో నెవరో యొకామెను చూచి, ఆమె ముఖము వెలవెలబోయినదను సంగతిని వింతగా జెప్పిన మాట యతని చెవిని బడినది. పాలిపోయినదానికంటెను తెల్లనైన ఛాయ యని దాని తాత్పర్యము. ఆ మాటనే పేరుగా గైకొని యతడు గీతము వ్రాసెను. గేరీ బ్రూకర్ అను గాయకుడు పియానోమీద దానికి వరుస కట్టెను. 1750లో గతించిన జర్మను విద్వాంసుడు యొహాన్ సెబాస్టియన్ బాక్ రచించిన యొక వాద్యకృతిలో మంద్రస్వరములు మెట్లు దిగినట్లు క్రమముగా దిగుచుండును. బ్రూకర్ వరుసకు ఆ నడకయే యాధారము. 1967 మార్చి 7వ తేదీ నాటికి మాటలును వరుసయు సిద్ధమయ్యెను. వానిపై తమకుగల హక్కును ఇరువురును ఒక ప్రచురణ సంస్థకు వ్రాసియిచ్చిరి.

మాథ్యూ ఫిషర్ మేళములో చేరినది ఆ పిమ్మటనే. అప్పటి కతనికి 21 ఏండ్లు. అతనికి సొంతముగా నొక హేమండ్ ఆర్గను గలదు. ఈ వాద్యమునకు గూడ నొక చరిత్ర యున్నది. చర్చిలలోని గొట్టముల ఆర్గను ఒక గోడంత యుండును. దానిని కొనుటకు ధనికులైన సంఘములకే సాధ్యము. అమెరికాలో గడియారములు చేయించు లారెన్స్ హేమండ్ అను నతడు 1935లో దానికి బదులుగా విద్యుచ్ఛక్తితో పనిచేయు పెట్టెవంటి వాద్యమును తెచ్చెను. లోపల అంచులు పండ్లుదీరిన లోహచక్రములు తిరుగుచుండును; వాని చెంతనున్న అయస్కాంతములకు చుట్టిన తీగలలో సన్నని విద్యుత్తు పుట్టును; అదియే పెద్దదిగా జేయబడి నాదమగును. బీద చర్చిలకై పుట్టిన యీ వాద్యము క్రమముగా గృహములకును నాట్యశాలలకును వచ్చినది. ఫిషర్ దగ్గర నున్నది ఇంట పెట్టుకొనదగిన చిన్న తరగతిది.

అభ్యాసములు జరుగుచున్న దినములలో ఫిషర్ ఆ పాటకు ఎనిమిది తాళపు కొలతల నిడివిగల వాయింపును సమకూర్చెను. పాట దానితోనే ప్రారంభమగును; చరణమునకును చరణమునకును నడుమ మరల నదియే వచ్చును. బ్రూకర్ వేసిన మెట్లమీదనే అది నడచును గాని, ఆ మెట్లెక్కిన రాగము మాత్రము ఫిషర్ ఊహించినది. అతడును బాక్ రచనల ననుసరించినవాడే. ఒలింపిక్ అను స్టూడియోలో పాట ముద్రితమై, 1967 మే 12న రికార్డు వెలువడెను. జూను 8 నాటికి బ్రిటనులో ప్రథమస్థానమున కెక్కి ఆరు వారములు దిగలేదు. ఆ దేశమున బహిరంగ ప్రదేశములలో గడచిన 75 ఏండ్లలో అత్యధికముగా వినిపించిన రికార్డు ఇదియేనని 2009లో ప్రకటించిరి.

అట్టి పాటకు కర్తలుగా పేర్కొనబడిన పేర్లు రెండే: బ్రూకర్, రీడ్.

పేరు లేకున్న నేమి యందురేమో! పేరున్న చోటికే సొమ్ము వచ్చును. రికార్డు అమ్ముడైనను, రేడియోలో వినవచ్చినను, మరియొకరు పాడినను కర్తలకు రాయల్టీ ముట్టును. వాయించినవానికి మేళములో సభ్యుడుగా రికార్డు అమ్మకములో తన భాగము వచ్చునేగాని, కర్తృత్వపు పాలు రాదు. ఫిషర్ ఈ మాటను మొదటి దినములలోనే తోడివారి కడ ఎత్తెననియు, వారు త్రోసిపుచ్చుటయో వినిపించుకొనకుండుటయో చేసిరనియు తీర్పులలో గలదు. 1969లో అతడు మేళమును విడిచెను. కొంతకాలమునకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు వృత్తిలో ప్రవేశించెను. 1991లో మరల మేళమున చేరి, 2004 వరకు తోడివారితో గలిసి వాయించెను. ప్రతి కచ్చేరిలోను ఆ పాట యుండవలసినదే. మొదట నతడు వాయింపవలసినదే. జనులు చప్పట్లు కొట్టవలసినదే.

2005లో అతడు వ్యాజ్యము తెచ్చెను. పాట సంగీతములో సగము తనదనెను. ప్రతివాదుల వాదము తేలికగా త్రోసివేయదగినది గాదు. ఫిషర్ రాకపూర్వమే పాట పుట్టినదనిరి. మేళములో ఎవరి వాద్యమున కనువైన వాయింపును వారు కూర్చుకొనుట పరిపాటి యనిరి. ముప్పదియెనిమిదేండ్లు ఊరకుండి, సాక్షులు ముదుసలులైన పిమ్మట వచ్చుట న్యాయమా యనిరి.

2006 డిసెంబరు 20న హైకోర్టు న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ తీర్పు చెప్పెను. ఆర్గను వాయింపు కేవలమలంకారము గాదు, పాటలో ప్రత్యేకమై ప్రధానమైన భాగమని నిర్ణయించెను. సగము గాక నూటికి 40 పాళ్ళు ఫిషర్‌కు ఒసగెను; బ్రూకర్ గానమును వరుసయు ముందు పుట్టినవి గనుక హెచ్చు భాగము ఆయనకే యుంచెను. 2005 మే నెలకు పూర్వము వచ్చిన సొమ్ములో మాత్రము ఫిషర్‌కు పాలు లేదు. ఇన్నాళ్ళు ఊరకుండి తోడివారిని అనుభవింపనిచ్చినవాడు గనుక వెనుకటిది అడుగరాదు, ముందటిది అడుగవచ్చును.

బ్రూకర్ మనసు నొచ్చుకొనెను. ఇక ఏ రికార్డులో ఏ వాద్యము వాయించినవాడైనను కర్తనేనని రావచ్చునే యని యాయన వాపోయెను. ఈ భయము నిరాధారమని మే మనజాలము. మన కచ్చేరీలలో వయొలిను విద్వాంసుడు గాయకుని ఆలాపన ననుసరించుటయే గాక దానికి మెరుగు పెట్టుచుండును. అంతమాత్రమున కీర్తన యాతనిది గాదు. ఎక్కడ సహాయము ముగిసి, ఎక్కడ సృష్టి యారంభించునో చెప్పుట కష్టము. కాని యీ పాట విషయమున ఆ పరీక్ష మా వరండాలోనే జరిగినది. గాయకుడు పాడక మునుపే మేము పాటను పోల్చితిమి. పోల్చుటకు మా కాధారమైనదానిని పాటలో భాగము గాదని యెట్లందుము?

2008లో అప్పీలు న్యాయస్థానము తీర్పును సగము త్రిప్పెను. ఫిషర్ సహకర్తయే యని యొప్పుకొనెను. కాని ఇంతటి ఆలస్యమునకు క్షమార్హత లేదని సొమ్ములో పాలు లేకుండజేసెను. పేరు నీది, ఫలము వారిది యన్నమాట. అతడు ప్రభువుల సభకు పోయెను. 2009 జూలై 30న అయిదుగురు న్యాయప్రభువులును ఏకగ్రీవముగా హైకోర్టు తీర్పును నిలబెట్టిరి. కర్తృత్వపు హక్కును అడుగుటకు కాలపరిమితి లేదనిరి. ఆలస్యమువలన ఎదుటివారికి నష్టము కలిగిననే యది దోషమగును. ఇక్కడ నష్టమునకు మారుగా వారికి లాభమే వచ్చినదనిరి. ఆ యైదుగురిలో నొక్క స్త్రీమూర్తి, లేడీ హేల్. 1960ల కాలము నెరిగినదానిని గనుక, ఆ మరపురాని వాయింపు కూర్చినవానికి తగిన గుర్తింపు తుదకు లభించినందుకు సంతసించుచున్నానని యామె తన తీర్పులో వ్రాసికొనినది. అటుపిమ్మట రెండు నెలలకే ప్రభువుల సభ న్యాయాధికారము ముగిసి, సుప్రీముకోర్టు వచ్చినది.

ఈ తీర్పులు చదువునపుడు మేము ఒక్క ప్రశ్న చెంతనే పలుమారు నిలిచిపోతిమి. అది అప్పీలు న్యాయస్థానము వేసిన ప్రశ్న: ఇన్నాళ్ళు ఏల యూరకుంటివి? చూడ సబబైన ప్రశ్నయే. కాని దానిని అడుగువారెవరు? పాలు తీసికొన్నవారే తరుచుగా అడుగుదురు. మేమును అడిగితిమి. అది చెప్పుటకే యీ వ్యాసము.

ముప్పదియేండ్ల క్రిందట మేము స్త్రీవిద్యనుగూర్చి యొక వ్యాసము వ్రాసితిమి. మాకు వచ్చిన కొద్దిపాటి పేరు దానివలన వచ్చినదే. అది తరువాత మా సంపుటములో మొదటి వ్యాసముగా అచ్చయ్యెను. విద్యార్థుల సంకలనమొకదానిలో గూడ చేరెను. దాని ప్రారంభమును మెచ్చుకొననివారు లేరు. బడి వరండాకు వెలుపల ఒక బాలిక తమ్ముని చంకనెత్తుకొని నిలిచి, లోపల పిల్లలు వల్లించు అక్షరములను కాలి బొటనవ్రేలితో దుమ్ములో వ్రాయుచున్నది. తమ్ముడు ఏడ్చినపుడెల్ల అక్షరము సగములో నిలిచిపోవుచున్నది. అంతే ఆ భాగము. దాని పిమ్మట మా వాదము, మా లెక్కలు, మా ఉపదేశము వచ్చును. సభలలో మమ్ము పరిచయము చేయువారు ఆ బాలికనే తలచుచుండిరి. మా లెక్కలను తలచినవారిని మే మెరుగము.

ఆ భాగము మేము వ్రాసినది గాదు. చిత్తుప్రతిని మా చెల్లెలికి చూపితిమి. ఆమె మరునాడు ఒక కాగితముమీద పది వాక్యములు వ్రాసి, "అన్నయ్యా, ముందు ఇది పెట్టి చూడు" అని యిచ్చినది. పెట్టి చూచితిమి. బాగుండెను. రెండు మాటలు మార్చి, మా పేరుతో పంపితిమి. పత్రిక వచ్చినపుడు ఆమెకు చూపితిమి. చదివి, సంతోషించి, మరల మా చేతికిచ్చినది. అప్పుడుగాని పిమ్మటగాని ఆ మాట మాకును ఆమెకును నడుమ రాలేదు. మేము దొంగిలించితిమని మా కెన్నడును తోచలేదు. ఇంటిలోని సహాయమే గదా, అన్నకు చెల్లెలు చేసినదే గదా యనుకొంటిమి. అనుకొంటిమనుట గూడ హెచ్చు. అసలు తలచియే యుండలేదు. స్త్రీల విద్యకై వాదించు వ్యాసములో, చదువుకొన్న స్త్రీ యొకతె వ్రాసిన వాక్యములను మావిగా చెల్లించుకొనుచున్నామని ముప్పదియేండ్లలో ఒక్కనాడైన స్ఫురింపలేదు.

మా మేనకోడలికి ఈ సంగతి తెలిసియే ఆ పాట పెట్టినదో, తెలియకయే పెట్టినదో మే మడుగలేదు.

తీర్పులు చదువుట ముగించిన వారమునకు చెల్లెలి యింటికి పోయితిమి. వంటయింటి గడపమీద గూర్చుండి చిక్కుళ్ళు తుంచుచున్నది. మేము పీట వేసికొని, వచ్చిన పని చెప్పితిమి. ఆ పది వాక్యముల మాట నీకు జ్ఞాపకమున్నదా యంటిమి.

"నేను మర్చిపోలేదన్నయ్యా. నువ్వే మర్చిపోయావనుకున్నాను" అన్నది.

వెంటనే మా నోట వచ్చిన మాట యిది: "మరి యిన్నాళ్ళూ ఎందుకడుగలేదు?" అని ముగింపకమునుపే మాకు సిగ్గు కలిగెను.

ఆమె కోపింపలేదు. "అడిగితే ఏమనేవాడివి? పది వాక్యాలకే ఇంతా అని నవ్వేవాడివి. ఆ మీదట నీ వ్రాతలు నాకు చూపించడం మానేసేవాడివి. అవి చదవడం నాకిష్టం. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను" అన్నది.

ఇరువదియొక యేండ్ల వాద్యకారుడు మేళములో తన చోటు పోగొట్టుకొనుటకు వెరచియుండుననుట మాకు అంతవరకు ఊహ మాత్రమే. ఆ గడప చెంత మాకది తెలిసినది. అడుగనివారు ఊరకున్నది పాలు లేకగాదు. అడిగినచో పాలుతోపాటు ఆ చోటుగూడ పోవునని. ఇచ్చువారు ఇంటివారైనచో ఆ భయము తగ్గదు, హెచ్చును. అపరిచితుని కోర్టున కీడ్వవచ్చును. తోడబుట్టినవానిని ఏ కోర్టున కీడ్చెదరు?

పింక్ ఫ్లాయిడ్ అను మరియొక మేళము 1973లో వెలువరించిన ప్రసిద్ధ సంపుటములో మాటలు లేని గానమొకటి గలదు. క్లేర్ టోరీ అను నామె ఒక్క దినము పాడి 30 పౌనులు పుచ్చుకొని పోయినది. 2004లో ఆమె వ్యాజ్యము తెచ్చినది. మరుసటియేట రాజీ కుదిరినది. ఆ పిమ్మటనే కర్తలలో నామె పేరు చేరినది. మన దేశమునను సినిమాలకై పాటలు వ్రాసినవారికిని, వరుసలు కట్టినవారికిని రాయల్టీలో పాలు వారు వదులుకొన్నను పోకుండునట్లు 2012లో చట్టము సవరింపబడినది. ఇవి మంచి మార్పులు. కాని చట్టము కాగితములమీది పేరువరకే వచ్చును. మన తల్లులు కట్టిన రోకటిపాటలకును, జోలపాటలకును పేరులేదు. భర్తల గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాసి, తప్పులు దిద్ది, కొన్నియెడల పుటలే వ్రాసియిచ్చిన యిల్లాండ్రకును పేరులేదు. అక్కడికి ఏ న్యాయమూర్తియు రాడు. అక్కడ తీసికొన్నవాడే న్యాయమూర్తియు గావలెను.

సంపుటము మరల అచ్చగునపుడు ఆమె పేరు వేయింతునని చెప్పితిమి. అంతకుముందే ఈ వ్యాసములో చెప్పెదనంటిమి. ఆమె తల యూపి, "ఈ కథలో నా పేరు వద్దు. ఇందులో నా వాక్యాలు లేవు. ఆ వ్యాసం దగ్గర వెయ్యి, నా వాక్యాలు అక్కడున్నాయి" అన్నది. ఆ మాట చొప్పుననే యిక్కడ ఆమె పేరు వ్రాయలేదు. ప్రచురించువారికి జాబు వ్రాసితిమి, సంకలనకర్తలకును వ్రాసితిమి. ఆ వ్యాసముక్రింద ఇక రెండు పేర్లుండును, ఆమెది ముందు.

ఇదివరకు అచ్చై యెవరెవరి యిండ్లనో యున్న ప్రతులలో మా పేరొక్కటే యుండును. వానిని మరల దెచ్చుట మా వశము గాదు. వెనుకటి ముప్పదియెనిమిదేండ్ల సొమ్ము ఫిషర్‌కును రాలేదు. మిగిలినది ముందటి కాలమే.

చదువరులలో వ్రాయువారును, సభలు నడుపువారును, గృహములు నిర్వహించువారును గలరు. మీకు పేరు దెచ్చిన పనిని ఒకదానిని తీసికొని, దానిని జనులు దేనివలన పోల్చుకొనుచున్నారో చూడుడు. ఆ భాగము మరియొకరిదైనచో, వారు అడుగువరకు వేచియుండకుడు. వారు అడుగరు.